బేతాళుడి షరతు

విక్రమార్కుడు నోరు విప్పితే శవం భుజం మీంచి జారిపోయి మళ్లీ చెట్టెక్కుతుంది. శవంలోని బేతాళుడు అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసీ విప్పకపోతే తల పగులుతుంది. అంతే, రెండే షరతులు. 11వ శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో బేతాళుడి కథలు పాతిక. 1947 జులైలో మొదలైన చందమామ ఆ పాతికతో సరిపెట్టుకోలేదు. అవే షరతుల మీద కొత్త కథలు అల్లించి, దశాబ్దాల తరబడి వందల కథలు నడిపించింది. రాజు మారలేదు, శ్మశానం మారలేదు, భుజాన శవం, చేతిలో కత్తితో శంకర్ గీసిన బొమ్మా మారలేదు. పాఠకులకు విసుగు పుట్టలేదు. కథలు రాయడం నేర్చుకుంటున్న నాకు ఇంతకు మించిన పాఠ్యపుస్తకం ఇంకా కనబడలేదు.

నాకు ఈ సంగతి తట్టేలా చేసినవాడు మా పిన్ని కొడుకు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. గదిలో దేవుడి పటం ఉండాల్సిన మేకుకి వన్ పీస్ హీరో లూఫీ బొమ్మ తగిలించాడు, పిన్ని రోజూ సణుగుతుంది. నేను ఏ కథ వినిపించినా వాడు బాగుందనడు, బాగాలేదనడు. ‘‘రూలేంటక్కా?’’ అంటాడు. దెయ్యం గోడలోంచి దూరి వస్తుంది సరే, అలాంటప్పుడు నేల మీద ఎలా నిలబడింది, కిందికి దిగబడిపోవాలిగా? మొదట్లో ఒళ్లు మండేది. లూఫీనే తీసుకో అంటాడు వాడు. డెవిల్ ఫ్రూట్ తిన్నాడు, ఒళ్లు రబ్బరులా సాగే శక్తి వచ్చింది, దాంతోపాటే ఈత పోయింది. మరి కథంతా సముద్రం మీద! 1997లో మొదలైన ఆ జపాన్ కామిక్ ఇన్నేళ్లుగా సాగడానికి సగం కారణం ఆ పోయిన ఈతేనని వాడి వాదన. నోరు విప్పకూడని రాజూ, ఈత రాని సముద్రపు దొంగా ఒకే బడిలో చదువుకున్నారని నాకు అప్పుడు తోచింది.

మావాడిలాంటి వాళ్లని చూసి పెద్దవాళ్లు ‘‘ఈ కాలం పిల్లలకి ఇదేం పిచ్చి’’ అంటుంటే నవ్వొస్తుంది. కామిక్ కాన్‌కి విగ్గు పెట్టుకుని, అట్టముక్కల కత్తి పట్టుకుని మెట్రో ఎక్కే కుర్రాడిది పిచ్చయితే, వారపత్రికలోంచి సీరియల్ పేజీలు చింపి, దాచి, బైండు చేయించిన మా అమ్మది ఏమిటి? ఆ బైండు ఇంకా మా ఇంట్లో ఉంది. పేజీలు ఒక సైజులో ఉండవు, అంచులు ఎగుడుదిగుడు. ఒక్కో వారం భాగం అయిపోయిన చోట, పేజీ వెనక సగం వంటల శీర్షిక, సగం తలనొప్పి మందు ప్రకటన. నడుమ ఒక వారం గల్లంతు. ఆ వారం పత్రిక ఎదురింటివాళ్లు తీసుకెళ్లి తిరిగివ్వలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది, వాళ్ల పేరుతో సహా. అద్దె పుస్తకాల షాపులో మధుబాబు షాడో కొత్త నవల ఎవరి దగ్గరుందో కనుక్కుని వాళ్లింటి ముందు కాపు కాసిన మామయ్యలు ఎన్ని ఇళ్లలో లేరు? చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు ఆయన పేరు లేకుండానే వచ్చేవి. అవి చదివి పెరిగినవాళ్లు ఏళ్ల తర్వాత వాటి వెనకున్న మనిషెవరో ఆరా తీసి మరీ తెలుసుకున్నారు. ఆ పనికి ఇప్పుడైతే ఫ్యాండమ్ అని ముద్దుపేరు పెట్టేవాళ్లం.

లెక్కలు తీయడంలో మాత్రం ఇప్పటివాళ్లది పైచేయి. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ వచ్చినప్పుడు మావాడి స్నేహితుల మధ్య పెద్ద రగడ. మహాభారతం ముగిసింది క్రీస్తుపూర్వం 3102 అనుకుంటే, అక్కడి నుంచి 2898కి సరిగ్గా ఆరు వేల ఏళ్లు అని సినిమావాళ్ల లెక్క. సున్నా అనే సంవత్సరం లేదు కాబట్టి 5,999 అని ఒకడి పట్టు. టీ చల్లారిపోయింది గానీ వాడు దిగిరాలేదు. ఇలాంటి పాఠకుణ్ని చూసి రచయిత భయపడాలా, మొక్కాలా? నేనైతే మొక్కుతాను. 1991లో ‘ఆదిత్య 369’లో సింగీతం శ్రీనివాసరావు మనల్ని 1526కీ, 2504కీ తీసుకెళ్తే, ఆ అంకెల్ని ఇవాళ్టికీ తడుముకోకుండా చెప్పేది వీళ్లే.

నియమం పెట్టడం ఒక ఎత్తు, దాంతో మనిషిని బయటపెట్టడం ఇంకో ఎత్తు. ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పేటిక చూడండి. తెరిచినవారికి తమకు ప్రియమైనది కనబడాలి. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు, ఎవరైనా ఊహిస్తారు. కృష్ణుడు తెరిస్తే శకుని కనబడతాడు! నియమం తప్పలేదు, అయినా మనం ఉలిక్కిపడతాం. ఎందుకు శకుని అని ఇంటికొచ్చాక కూడా ఆలోచిస్తాం. నేను రాసే ఏ పేజీలోనైనా అలాంటి ఒక్క క్షణం కుదిరితే చాలు.

నా కథలకి సరుకు మాత్రం రాక్షసలోకం నుంచి రాదు. ఒక రోజు మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర క్యాబ్ కోసం నిలబడి వాచ్‌మన్ పాత రిజిస్టర్ తిరగేశాను. పేరు, ఫ్లాట్ నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము, సంతకం. దారానికి కట్టిన పెన్ను. సగం మంది సంతకం ఒక గీతే. వెళ్లిన టైము గడి చాలా చోట్ల ఖాళీ. అంటే ఆ పుస్తకం ప్రకారం వాళ్లంతా ఇంకా లోపలే ఉన్నారు. పాలవాడు, ఎవరి తాలూకో ఒక పెళ్లిళ్ల పేరయ్య, కొరియర్ కుర్రాళ్లు. బేతాళుడు దొరికాడు అనుకున్నాను. షరతు కూడా వెంటనే కుదిరింది: వెళ్లిన టైము రాయనివాడు గేటు దాటలేడు. రాయమని వాచ్‌మన్ తనంతట తాను అడగకూడదు.

మియాపూర్‌లో మెట్రో ఎక్కి సీటు దొరికితే ఫోన్‌లో ఒక పేరా, దొరక్కపోతే రెండు వాక్యాలు. అమీర్‌పేట వచ్చేసరికి జనం తోపులాటలో ఏదో ఒక పాత్ర పేరు తప్పు పడుతుంది. అలాగే ముగించి మావాడికి వినిపించాను.

‘‘ఇప్పుడు రిజిస్టర్లెక్కడున్నాయక్కా, అంతా యాప్ కదా. బెల్లు మోగుతుంది, అప్రూవ్ కొడతాం.’’

నిజమే. అందుకని కథను 2016కి జరిపాను. ఏ నెల అన్నాడు. సెప్టెంబరు దాటితే అందరి ఫోన్లలో జియో ఉండాలట, నా హీరోయిన్ డేటా అయిపోయి వాచ్‌మన్‌తో కబుర్లు పెట్టుకునే సీను చెల్లదట. నవంబరైతే మరీ కష్టం, పాత నోట్లు రద్దయ్యాయి, అందరూ ఏటీఎం క్యూలో ఉండాలి.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. జేబులో వెయ్యి నోట్ల కట్టతో, అవి చెల్లని కాగితాలయ్యాయని తెలియకుండా, సెల్లార్‌లో చిక్కుకుపోయిన పెళ్లిళ్ల పేరయ్య. కథ ఇప్పుడు నవంబరులో జరుగుతోంది. హీరోయిన్‌ని తీసేశాను.