ఈ బీడులో ఎన్ని గొర్లు మేస్తయి?

మంచిర్యాల జిల్లా కాసిపేట అనగానే బొగ్గు గని గుర్తొస్తుంది. గని దాటితే బీళ్లు, టేకు అడవి. అక్కడ మంద తోలుకొస్తున్న కాపరిని ఆపి "ఈ బీడుల ఎన్ని గొర్లు మేస్తయే తాతా?" అని అడిగితే లెక్క చెప్పడు. "కాలమైతదో కాదో ముందుగాల చెప్పు" అంటాడు.

ఎందుకు? ఇక్కడి వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. అదీ ఏటా ఒక్కతీరుగా పడదు. పక్క ఊరు తడిసినా మన ఊరు తడవకపోవచ్చు. అదే బీడు ఒక ఏడు మోకాలెత్తు గడ్డి, ఇంకో ఏడు ఒట్టి గులకరాళ్లు.

మే నెలలో గరిక దుబ్బును కొంచెం తవ్వి చూడండి. పైన గోధుమరంగు పోచలు, మట్టి కింద కణుపుల దగ్గర ఇంకా ప్రాణం. ఒక్క మంచి వాన చాలు, చిగురేస్తుంది. ఏటికేడు చచ్చే గడ్డి రకాల విత్తనాలు మట్టిలోనే కాచుకుని ఉంటాయి. బోడిగా కనిపించిన నేలంతా పాడైన నేల కాదు.

మరి ఎలా మేపాలి? కదులుతూ. గొర్రె ఎక్కువగా గడ్డి మేస్తుంది, మేక పొదల ఆకు అందుకుంటుంది. అందుకే మందలో రెండూ. ఎండల్లో తుమ్మకాయలు. కోతలయ్యాక పొలాల్లో మంద పెడితే జీవాలకు మేత, రైతుకు ఎరువు.

ఎకరానికి ఇన్నే అని ఒకే అంకె గీయడం వానలు నిలకడగా ఉన్న చోట పనికొస్తుంది. ఆఫ్రికా ఎండు నేలల్లో అది పారదని శాస్త్రవేత్తలు 1980, 90లలో గట్టిగా వాదించారు. మన తాతకు ముందే తెలుసు!

తొలకరి పడ్డ వారానికి అదే దుబ్బు దగ్గరికి మళ్లీ వెళ్లి చూడండి.