థార్‌కి లిఫ్ట్ కిట్ వేయిస్తున్నారా? ముందు ఇది వినండి

గోపాలపట్నం నుంచి మాట్లాడుతున్నా. మీలో చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, థార్‌కి రెండంగుళాల లిఫ్ట్ వేయించమంటావా?" ఎత్తు పెంచితే ఏం వస్తుంది, ఏం పోతుందో చూద్దాం.

లిఫ్ట్ అంటే పొడుగు స్ప్రింగులు వేసి గానీ, స్పేసర్లు పెట్టి గానీ ఛాసిస్‌ని, బాడీని పైకి లేపడం. లాభం నిజమే. ఛాసిస్‌కి రాయి తగలదు, గట్టు ఎక్కేటప్పుడు బంపర్ గీసుకోదు, పెద్ద టైరుకి చోటు దొరుకుతుంది.

కానీ ఒక సంగతి చాలామందికి తెలీదు. థార్ వెనక యాక్సిల్ ఒకే దూలంలా ఉంటుంది. మధ్యలో డిఫరెన్షియల్ ఉబ్బెత్తుగా వేలాడుతుంది. అది స్ప్రింగులకి కింద, చక్రాలతో పాటే ఉంటుంది కాబట్టి, ఎంత లిఫ్ట్ వేసినా అది కొంచెం కూడా లేవదు. దాన్ని లేపేది టైరే. టైరు మొత్తం ఎత్తు రెండంగుళాలు పెరిగితే, డిఫరెన్షియల్ లేచేది ఒక్క అంగుళం.

ఇక పోయేవి. బండి బరువంతా పైకి జరుగుతుంది. పెందుర్తి, ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతాం కదా, అక్కడ మలుపుల్లో బండి ఎక్కువ ఒరుగుతుంది. నిన్నటిదాకా ఏమీ కాని స్పీడే రేపు బోల్తా కొట్టించొచ్చు. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని, టాప్ మీద లగేజీ కూడా కట్టామంటే మరీ ప్రమాదం.

ముందు చక్రాల షాఫ్టులు ఏటవాలుగా తిరిగి జాయింట్లు, రబ్బరు బూట్లు త్వరగా పోతాయి. అలైన్‌మెంట్ చేయించకపోతే టైర్లు ఒక పక్కే అరుగుతాయి. పెద్ద టైర్లయితే మైలేజీ తగ్గుతుంది, స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు దీన్నే పట్టుకోవచ్చు.

నా మాట ఏంటంటే, ముందు బండి కిందకి దూరి గీతలు ఎక్కడున్నాయో చూడండి. డిఫరెన్షియల్ మీదే ఉంటే లిఫ్ట్ డబ్బు దండగ. పొట్ట కింద ఉంటే స్కిడ్ ప్లేట్ చాలావరకు కాపాడుతుంది. కంపెనీ సైజులోనే ఆల్ టెరైన్ టైర్లు వేయించండి. ఇసుకలో దిగేముందు గాలి తగ్గించండి, తారు రోడ్డెక్కగానే నింపండి. థార్‌కి కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్సే 226 మిల్లీమీటర్లు. అరకు తిరిగి రావడానికి అది చాలు.

వచ్చే ఎపిసోడ్‌లో టైర్ల గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి!