నలుసే నేస్తం
తెరను పాడుచేసే రేణువులతోనే ద్రవ స్ఫటికాలకు కొత్త పనులు నేర్పవచ్చని ఢిల్లీ, హైదరాబాద్ ప్రయోగాలు చూపించాయి

ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో ల్యాప్‌టాప్ కొనేవారు ముందుగా చూసేది తెర మీద మచ్చ ఉందా అని. తయారీదారుల బెంగా అదే. ఎల్‌సీడీ తెరలో రెండు గాజు పలకల మధ్య ఉండే ద్రవ స్ఫటికం పొర మందం కొన్ని మైక్రాన్లే. అందులో నలుసు పడితే బొమ్మ చెడుతుంది. అందుకే దుమ్ము చొరబడని గదుల్లో వాటిని తయారుచేస్తారు.

అదే నగరంలో, పూసా ప్రాంతంలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు మాత్రం కావాలనే రేణువులు కలిపారు. ఎ.ఎం. బిరాదార్ బృందం ఫెర్రోఎలక్ట్రిక్ రకం ద్రవ స్ఫటికంలో అతి సూక్ష్మమైన బంగారు రేణువులు వేసింది. విద్యుత్తు తీసేశాక కూడా ఆ మిశ్రమం తన స్థితిని గుర్తుపెట్టుకుందని 2008లో ప్రకటించింది. స్ఫటికం అణువుల నుంచి విద్యుదావేశం బంగారంలోకి చేరడమే ఇందుకు కారణమని వివరించింది. కరెంటు లేకున్నా సమాచారం చెరగని పరికరాలకు కావలసిన గుణమిదే.

ఆ నానో రేణువులు మరీ చిన్నవి. రేణువు కొన్ని మైక్రాన్ల సైజుకు పెరిగితే కథ మారుతుంది. నెమాటిక్ అనే రకం ద్రవ స్ఫటికంలో పుల్లల్లాంటి అణువులు గాలికి ఒరిగిన వరిచేనులా ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. అందులో ఒక గోళాన్ని వేస్తే దాని చుట్టూ ఉన్న అణువులు ముళ్లపంది ముళ్లలా నిలబడతాయి. దూరంగా ఉన్నవి మాత్రం పాత వరుసను వదలవు. ఈ రెండింటికీ పొసగక ఎక్కడో ఒకచోట వరుస తెగిపోతుంది. శాస్త్రవేత్తల భాషలో అదే లోపం. కొన్నిసార్లు అది గోళం పక్కన చుక్కలా నిలుస్తుంది, కొన్నిసార్లు శనిగ్రహ వలయంలా గోళాన్ని చుట్టుకుంటుంది.

విచిత్రమేమిటంటే, ఆ లోపమే జిగురులా పనిచేస్తుంది. చెదిరిన వరుసను సర్దుకునే ప్రయత్నంలో రేణువులు ఒకదానికొకటి దగ్గరై గొలుసు కడతాయని 1997లో ఫ్రాన్స్, అమెరికా పరిశోధకులు చూపారు. 2006లో స్లొవేనియాకు చెందిన ఇగోర్ ముషెవిచ్ బృందం అలాంటి రేణువులను అల్లి క్రమబద్ధమైన పలకలుగా పేర్చింది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సురజిత్ ధారా బృందం మరో అడుగు వేసింది. బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన శ్రీరామ్ రామస్వామితో కలిసి, ఒకవైపు మాత్రమే లోహపు పూత ఉన్న గోళాలను నెమాటిక్ పొరలో వదిలింది. విద్యుత్ క్షేత్రం తీవ్రతను, పౌనఃపున్యాన్ని మార్చుతూ వాటిని పొరలో ఎటు కావాలంటే అటు నడిపించగలిగింది. 2020లో వెలువడిన ఈ ఫలితంతో, సూక్ష్మ సరుకును కోరిన చోటికి చేర్చే ‘కూలీ’లు సాధ్యమేనన్న ఆశ కలిగింది.

ఈ శాస్త్రంలో భారత్ కొత్త కాదు. బెంగళూరులో ఎస్. చంద్రశేఖర్ బృందం 1977లోనే బిళ్లల్లాంటి అణువుల ద్రవ స్ఫటికాలను కనుగొంది. తెరల పరిశ్రమ మాత్రం జపాన్, కొరియా, తైవాన్, చైనాల్లో విస్తరించింది. ఢిల్లీ పక్కనే ఉన్న నోయిడా ఫోన్ల తయారీ కేంద్రంగా ఎదిగింది. సెమీకండక్టర్లు, డిస్‌ప్లేల తయారీకి రూ.76,000 కోట్ల పథకాన్ని కేంద్రం 2021 డిసెంబరులో ఆమోదించింది. అయితే డబ్బుతో ఫ్యాక్టరీ గోడలు లేస్తాయి. రేపటి తెర ఇక్కడే పుట్టాలంటే మాత్రం పూసా ప్రయోగశాల నుంచి నోయిడా ఫ్యాక్టరీకి దారి పడాలి. తెగిన వరుసలను కలిపే విద్య స్ఫటికాలకు తెలుసు. విధానకర్తలు నేర్చుకోవలసిందీ అదే.