డబ్బా అడుగున ఉన్నదే అసలు రంగు



రుణంపై కొన్న ట్రాక్టరు ట్రెయిలరు వాయిదాలు తీరడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా దాని రేకును తుప్పు తినివేస్తే, బాకీ అలాగే ఉంటుంది, వస్తువు విలువ మాత్రం తరిగిపోతుంది. ఇనుమును కాపాడేది పైనున్న రంగు పొర. మంచి రంగు కొన్నంత మాత్రాన చాలదు. దానిని సరిగా కలపాలి, సరిగా భద్రపరచాలి.

కలిపే విధానం: ఎనామిల్ రంగులో పొడి, దానిని పట్టి ఉంచే జిగురు, ఆరేటప్పుడు ఆవిరైపోయే ద్రావకం ఉంటాయి. నిలవ ఉన్న డబ్బాలో బరువైన పొడి అడుగుకు చేరుతుంది. పైపైన కలిపి పూస్తే పొరకు బలం ఉండదు. కనుక పై ద్రవాన్ని శుభ్రమైన వేరొక డబ్బాలోకి వంపుకోండి. అడుగున ఉన్న ముద్దను వెడల్పాటి కర్రతో పైకి లేపుతూ మెత్తగా కలిపి, వంపిన ద్రవాన్ని కొద్దికొద్దిగా తిరిగి చేర్చండి. పైన మీగడ కట్టి ఉంటే కలపక, తీసివేసి, రంగును పలుచని గుడ్డలో వడకట్టండి.

పలుచన చేయుట: డబ్బాపై సూచించిన ద్రావకాన్నే, సూచించిన మేరకే వాడండి. బ్రష్షుతో పూసే ఎనామిల్‌కు సాధారణంగా లీటరుకు 50 నుండి 100 మిల్లీలీటర్ల టర్పెంటైన్ సరిపోతుంది. కిరోసిన్ కలిపితే రంగు త్వరగా ఆరదు, జిడ్డు మిగిలి దుమ్ము అంటుకుంటుంది. పెట్రోలు వాడితే అగ్నిప్రమాదాన్ని ఆహ్వానించినట్లే. నీరు కలపవలసినది గోడలకు వేసే డిస్టెంపరు, ఎమల్షన్ల వంటి వాటికి మాత్రమే. అధికంగా పలుచన చేసి రంగును ఆదా చేశామనుకోవడం భ్రమ. పొర సన్నబడి తుప్పుకు దారి దొరుకుతుంది.

పూసే ముందు తుప్పును తీగ బ్రష్షుతోను, ఉప్పు కాగితంతోను తొలగించి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేసి పూర్తిగా ఆరనివ్వండి. గృహాలకు వాడే రంగులలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు తలుపులకు, కిటికీలకు వేసిన పాత రంగును పొడిగా గీకకండి. తడిపి గీకండి, పిల్లలను దూరంగా ఉంచండి.

నిలవ చేయుట: డబ్బా అంచులు తుడిచి మూత గట్టిగా బిగించండి. సగానికి తగ్గిన రంగును చిన్న డబ్బాలోకి మార్చి, పేరు, తేదీ రాయండి. పొయ్యికి, విత్తనాలకు, పశువుల మేతకు దూరంగా, గాలి ఆడే నీడలో ఉంచండి. టర్పెంటైన్‌ను కూల్‌డ్రింకు సీసాలలో ఎన్నడూ పోయకండి. నీళ్లనుకొని పిల్లలు తాగే ప్రమాదం ఉంది. రంగు, నూనె అంటిన గుడ్డలను కుప్పగా పడవేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చును. వాటిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టండి.

డీలరు మిత్రులు డబ్బాలను నేల చెమ్మ తగలకుండా చెక్కలపై పేర్చాలి. ముందు వచ్చిన సరుకును ముందు అమ్మాలి. దుకాణంలో ఇసుక బకెట్లు సిద్ధంగా ఉంచాలి. డబ్బా అమ్మేటప్పుడు కలిపే విధానాన్ని కూడ రెండు మాటలలో చెప్పగలిగితే, ఆ రైతు మరల మీ దుకాణానికే వస్తాడు.