సిద్ధాంతం, రాద్ధాంతం, పిడివాదం

పావగడ తాలూకాలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చిన్న విషయానికి పెద్ద గొడవ చేస్తే ‘ఎందుకింత రాద్ధాంతం?’ అని రెండు భాషల్లోనూ మందలిస్తారు. సంస్కృతంలో మాత్రం రాద్ధాంతమంటే గొడవ కాదు, తేలిన నిర్ణయం. అమరకోశం దానిని సిద్ధాంతానికి పర్యాయపదంగా చెప్పింది. నిర్ణయం గొడవగా మారడానికి, తేలిన మాటను పట్టుకొని వదలకుండా వాదించేవారే కారణమని ఊహించవచ్చు.

‘డాగ్మా’ అన్న మాట నడక వేరు. గ్రీకులో ‘తోచు’ అనే అర్థం గల క్రియ నుంచి పుట్టిన ఈ మాటకు అభిప్రాయమని, శాసనమని అర్థాలుండేవి. క్రైస్తవంలో అది విశ్వాసి అంగీకరించి తీరవలసిన సత్యమైంది. పోపు తన పీఠాధికారంతో విశ్వాస, నీతి విషయాలపై చేసే నిర్ణయంలో దోషముండదని 1870లో వాటికన్ సభ ప్రకటించింది, అది డాగ్మా. తత్త్వశాస్త్రంలో కాంట్, బుద్ధికి గల శక్తిని ముందుగా పరీక్షించకుండానే దానిని నమ్ముకొని సాగడాన్ని ఈ పేరుతో విమర్శించాడు.

మరి డాగ్మాను సిద్ధాంతమని అనువదించవచ్చునా? మీమాంసకుల పద్ధతిలో ముందు విషయం, తర్వాత సంశయం, ఆపైన పూర్వపక్షం. వాటికి సమాధానం చెప్పాకే సిద్ధాంతం. న్యాయశాస్త్రం సిద్ధాంతాలను నాలుగు విధాలుగా విభజించింది. వాటిలో ‘ప్రతితంత్ర సిద్ధాంతం’ అంటే తన శాస్త్రంలో అంగీకరించినదీ, ఇతరులు అంగీకరించనిదీ. డాగ్మాకు దగ్గరది ఇదే. అయితే ఇతరులు ఒప్పుకోరన్న ఎరుక ఆ నిర్వచనంలోనే ఉంది.

పావగడకు పేరు తెచ్చిన శనిమహాత్మ ఆలయాన్నే తీసుకుందాం. శనిగ్రహం సూర్యుని చుట్టూ తిరగడానికి సుమారు 29½ ఏళ్లు పడుతుంది. కనుక 12 రాశుల్లో ఒక్కొక్కదానిలో సుమారు రెండున్నర ఏళ్లుంటుంది. మూడు రాశులకు ఏడున్నర ఏళ్లు. ఇదే ఏలినాటి శని. ఇంతవరకు గణితం, ఎవరైనా లెక్కవేసి సరిచూడవచ్చు. ఆ ఏడున్నర ఏళ్లూ కష్టాలు తెస్తాయన్నది నమ్మకం. నువ్వులనూనె దీపం వెలిగించడం భక్తి. ఈ మూడింటిలో ఏదీ దానంతటది డాగ్మా కాదు. ‘ఎందుకు?’ అని అడగడమే పాపమన్ననాడు నమ్మకం డాగ్మా అవుతుంది.

దానికి తెలుగులో ‘పిడివాదం’ అన్న మాట వాడుకలో ఉంది. పిడి అంటే పిడికిలి, పట్టు. విద్యార్థులు అనువాదంలో ఈ తేడా పాటించాలి. డాగ్మాను సిద్ధాంతమని రాస్తే, ప్రశ్నతో మొదలైన మాటకు ప్రశ్నను నిషేధించే అర్థం అంటగట్టినవారమవుతాం. ఇక మన సంప్రదాయంలో పిడివాదమే లేదనుకోవడమూ పొరపాటే. పూర్వపక్షాన్ని మరచి నిర్ణయాన్ని మాత్రమే వల్లించిననాడు, ఏ సిద్ధాంతమైనా పిడికిలి బిగించగలదు.