హాప్స్

హాప్స్ అనేవి బీరుకు చేదును, పరిమళాన్ని ఇచ్చే పూశంకువులు. ఇవి కన్నాబేసీ కుటుంబానికి చెందిన హ్యుములస్ లుపులస్ అనే తీగకు పూస్తాయి. మగ, ఆడ పూలు వేర్వేరు మొక్కలకు పూస్తాయి. బీరు తయారీలో వాడేవి ఆడ మొక్కల శంకువులు. వీటి రేకుల మొదళ్ళలో లుపులిన్ అనే పసుపుపచ్చని పొడి ఉంటుంది. హాప్స్ విలువంతా ఈ పొడిలోనే ఉన్నది. ఇంట్లో బీరు కాచుకొనేవారు వీటిని కొనేటప్పుడైనా, దాచేటప్పుడైనా చూడవలసినది దీనినే.

చరిత్ర, సాగు

జర్మనీలోని బవేరియాలో 1516లో వెలువడిన శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీరు మాత్రమే వాడాలని నిర్దేశించింది. బవేరియాలోని హాలర్‌టావ్, చెక్ దేశంలోని జాటెట్స్, అమెరికాలోని యాకిమా లోయ ప్రసిద్ధ సాగు ప్రాంతాలు. జాటెట్స్ పట్టణం, దాని హాప్స్ తోటలు 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

చేదు ఏర్పడే విధం

లుపులిన్‌లో ఆల్ఫా ఆమ్లాలు, సువాసన తైలాలు ఉంటాయి. మాల్ట్ ద్రావణంలో మరిగినప్పుడు ఆల్ఫా ఆమ్లాల అణునిర్మాణం మారి, నీటిలో కరిగే చేదు పదార్థాలు ఏర్పడతాయి. ఇందుకు సుమారు ఒక గంట మరిగిస్తారు. తైలాలు త్వరగా ఆవిరైపోతాయి. కాబట్టి పరిమళం కోసం వేసే హాప్స్‌ను మరుగు ముగిసే ముందు గాని, ద్రావణం పులిసిన తరువాత గాని కలుపుతారు. హాప్స్ చేదు మాల్ట్ తీపిని సరిచేయడమే కాక, బీరును పాడుచేసే కొన్ని బాక్టీరియాలను కూడా అడ్డుకుంటుంది.

ఎంపిక

హాప్స్‌ను బరువును బట్టి కాక, పొట్లంపై ముద్రించిన ఆల్ఫా ఆమ్లాల శాతాన్ని బట్టి లెక్కించాలి. సాజ్ రకంలో ఇది దాదాపు 4%, మాగ్నమ్ రకంలో దాదాపు 12% ఉంటుంది. అనగా 30 గ్రాముల సాజ్‌లోను, 10 గ్రాముల మాగ్నమ్‌లోను ఆల్ఫా ఆమ్లాలు సమానమే, 1.2 గ్రాములు. చేదుకు మాగ్నమ్ వంటివి, మృదువైన పరిమళానికి సాజ్ వంటివి అనుకూలం. ఉత్తరార్ధగోళంలో కోత ఆగస్టు, సెప్టెంబరు నెలలలో జరుగుతుంది. కొనేముందు కోత సంవత్సరాన్ని కూడా చూడాలి.

నిల్వ

గాలి, వేడి, వెలుతురు హాప్స్‌కు శత్రువులు. పొట్లంపై ఉన్న శాతం పరీక్షించిన నాటిది మాత్రమే. వెచ్చని గదిలో ఉండి సగం ఆల్ఫా ఆమ్లాలు నశిస్తే, పైన చెప్పిన 30 గ్రాముల సాజ్‌లో మిగిలేది 0.6 గ్రాములే. అప్పుడు లెక్క తప్పి బీరు తియ్యగా మిగిలిపోతుంది.

* గాలి తీసి మూసిన, లోపలికి గాలి చొరని రేకు సంచులలో ఉంచాలి.
* ఫ్రీజరులో, సుమారు −18 డిగ్రీల సెల్సియస్ వద్ద దాచాలి.
* విప్పిన పొట్లంలోని గాలిని తీసివేసి వెంటనే మూయాలి.
* పొడిని నొక్కి చేసిన గుళికలు విడి శంకువులకన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి.

పాతబడిన హాప్స్ జున్ను (చీజ్) వాసన వేస్తాయి. అట్టివాటిని వాడకపోవడం మంచిది. అయితే బెల్జియంలో లాంబిక్ అనే బీరుకు ఉద్దేశపూర్వకంగానే పాత హాప్స్‌ను వాడతారు. అక్కడ కావలసినది చేదు కాదు, బాక్టీరియాను అదుపులో ఉంచే గుణం.

జాగ్రత్త

హాప్స్ కుక్కలకు విషతుల్యం. తిన్న కుక్కకు శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పెరిగి మరణం కూడా సంభవించవచ్చు. మరిగించిన తరువాత మిగిలిన పిప్పిని కూడా వాటికి అందకుండా పారవేయాలి.