దవడ కదలికలను కొలిచే, నమోదు చేసే పరికరాలు

కట్టుడు పళ్ళు తయారయ్యేది నోటిలో కాదు, ప్రయోగశాల బల్ల మీద. అక్కడికి రోగి చిగుళ్ళ అచ్చులు చేరతాయి కాని దవడ కీళ్ళు చేరవు. కాబట్టి దవడ ఎలా కదులుతుందో కొలిచి, ఆ కొలతలను ఆర్టిక్యులేటర్ అనే యంత్రానికి అందించాలి. ఈ భాగంలో ఆ పని చేసే పరికరాలను పరిచయం చేసుకుందాం.

1. కదలిక స్వభావం

కింది దవడ తలుపులాగా ఒకే ఇరుసు మీద తిరగదు. ముందు పళ్ళ మధ్య సుమారు 20-25 మి.మీ. ఎడం వచ్చేవరకు కీలు తలలు ఉన్నచోటనే తిరగగలవు. ఇంకా తెరిస్తే ముందుకూ కిందికీ జారుతాయి. చెవి రంధ్రానికి ముందు వేలు ఆనించి నోరు పూర్తిగా తెరవండి. ఈ జారుడు మీకే తెలుస్తుంది. స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ పొసెల్ట్ 1952లో ఈ కదలికల హద్దులను వివరించాడు.

2. ముఖ్య పరికరాలు

(అ) ఫేస్‌బో: కీళ్ళ ఇరుసుకు పై దవడ ఎంత దూరంలో, ఏ తీరులో ఉందో గ్రహించి, పై అచ్చును యంత్రంలో అదే స్థానంలో నిలుపుతుంది.

(ఆ) గోతిక్ ఆర్చ్ ట్రేసర్: ఒక దవడకు సూది, రెండవదానికి పలక అమర్చుతారు. రోగి దవడను ముందుకు, పక్కలకు జరిపితే పలక మీద బాణపు మొన ఏర్పడుతుంది. ఆ మొనే కేంద్ర సంబంధ స్థానం. మొన వాడిగా రాకపోతే నమోదును మళ్ళీ చేయాలి.

(ఇ) పాంటోగ్రాఫ్: ఆరు పలకల మీద కదలికలను అడ్డంగానూ నిలువుగానూ గీస్తుంది.

(ఈ) ఎలక్ట్రానిక్ పరికరాలు: కొన్నింటిలో కింది ముందు పళ్ళకు చిన్న అయస్కాంతం అంటిస్తారు. దాని కదలికను సెన్సర్లు గ్రహిస్తాయి. నమిలే వేగం కూడా తెలుస్తుంది.

3. కొలత తప్పితే

ఇరుసు స్థానం తప్పితే, యంత్రంలో దవడ మూసుకునే చాపం నోటిలోని చాపంతో సరిపోదు. బల్లమీద చక్కగా కలిసిన పళ్ళు నోటిలో ఏదో ఒకచోట ముందుగా తగులుతాయి. ఆ ఒత్తిడి రోజూ పడితే చిగురు పుండవుతుంది, కింది సెట్టు నిలవదు. చివరికి ఆ వృద్ధుడు సెట్టును డబ్బాలో పెట్టి, మెత్తటి అన్నంతో సరిపెట్టుకుంటాడు. మామూలు సెట్టుకు పాంటోగ్రాఫ్ అవసరం లేదు. కాని కేంద్ర సంబంధాన్ని తప్పుగా నమోదు చేస్తే, ఎంత ఖరీదైన యంత్రమూ ఆ తప్పును దిద్దలేదు.

ప్రగతి సమీక్ష: ఫేస్‌బో చేసే పనికీ, గోతిక్ ఆర్చ్ ట్రేసర్ చేసే పనికీ గల తేడాను మీ మాటల్లో రాయండి.